భేతాళుడి బాజా

చావు అనే మాటకి మా ఇళ్ళల్లో మారుపేర్లు చాలా ఉన్నాయి. ‘పోయారు’, ‘కాలం చేశారు’, ‘దాటిపోయారు’, ‘మనకి లేరు’. పిల్లలెవరైనా నోరుజారి అసలు మాట అన్నారో, వీపు మీద ఒకటి పడేది. అలాంటి ఇంట్లో పుట్టి, అలాంటి ఇంట్లోనే మెట్టిన నేను 59వ ఏట, దయ్యాల మీదా సమాధుల మీదా పాటలు కట్టుకుని గంతులేసే సంగీతం ఒకటి అలవాటు చేసుకున్నానంటే మీరు ముక్కున వేలేసుకోరూ? పాడటం కాదు లెండి, వినడమే. దాని పేరు సైకోబిల్లీ.

మావారు పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ మా ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోనే గొంతు తగ్గించేస్తారు. నేను నవ్వితే కంగారుపడతారు, నవ్వకపోతే జాలిపడతారు. ఆయన ప్రస్తావన రాగానే ఎవరో ఒకరు కాఫీ సంగతి ఎత్తి మాట మార్చేస్తారు. ముప్ఫైమూడేళ్ళ కాపురంలో చెప్పుకోవలసినవన్నీ నవ్వు పుట్టించే సంగతులే అయినప్పుడు, ఆ మనిషి గురించి నోరు మూసుక్కూచోడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

మా తమ్ముడి కూతురు ఉద్యోగం వచ్చి ఈ ఊరు చేరి, నా దగ్గరే ఉంటోంది. పొద్దున్నే దాని గదిలోంచి టకటకటకమని ఒకటే చప్పుడు.

“ఏమిటే అమ్మడూ, ఎవరైనా తలుపు బాదుతున్నారా?” అన్నాను.

“తలుపు కాదత్తా, బేస్. మనిషెత్తు ఫిడేలు. ఇలా రా, నీకు ఓనమాలు పెడతాను” అంది.

అది నాకు చెప్పిన వరసలోనే మీకూ చెబుతాను. కొత్తగా వినేవాళ్ళకి అదే సుళువు.

మొదటి పాఠం 1954 జూలై. అమెరికాలోని మెంఫిస్‌లో, సన్ స్టూడియో అనే చిన్న చోట, పందొమ్మిదేళ్ళ లారీ డ్రైవరొకడు ‘దట్స్ ఆల్ రైట్’ అనే పాట పాడాడు. అతనే ఎల్విస్ ప్రెస్లీ. ఆ పాటలో డ్రమ్ములు లేవు. మరి తాళం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? బిల్ బ్లాక్ వాయించిన ఆ పెద్ద ఫిడేల్లోంచి. డబుల్ బేస్ అంటారు దాన్ని. వాయించేవాడి పక్కన నిలబెడితే భార్యాభర్తలు ఫొటో దిగుతున్నట్టే ఉంటుంది. కమాను పెట్టి కొయ్యకుండా తీగని వేళ్ళతో లాగి వదిలేస్తారు. అది వెళ్ళి చెక్కకి తగిలి టక్కుమంటుంది. వెంటనే అరచేత్తో ఒక చరుపు. స్వరమూ తాళమూ ఒక్క చేతిలోనే. ఇద్దరాడవాళ్ళు ఒకే రోట్లో మార్చి మార్చి రోకళ్ళు వేస్తుంటే వచ్చే చప్పుడు మీకు గుర్తుంటే సగం పాఠం వచ్చేసినట్టే. ఈ బాణీని రాకబిల్లీ అన్నారు. రాక్ అనే మాటకి, కొండ పల్లెల తెల్లవాళ్ళని పట్నంవాళ్ళు వెక్కిరించే హిల్‌బిల్లీ అనే మాటకి ముడిపెడితే పుట్టిన పేరది.

రెండో పాఠం 1976. జానీ కాష్ పాడిన ‘వన్ పీస్ ఎట్ ఎ టైమ్’. రాసింది వేన్ కెంప్. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకడికి తను తయారుచేసే కాడిలాక్ కారు కొనే స్తోమత లేదు. ఏళ్ళ తరబడి ఒక్కొక్క విడిభాగమే ఇంటికి చేరవేస్తాడు, చిన్నవైతే టిఫిను డబ్బాలో పెట్టుకుని. తీరా అన్నీ బిగించబోతే ఒక ఏటి మోడలుకీ మరో ఏటి మోడలుకీ పొంతన లేదు. ఆ అతుకుల బొంత కారుకి పెట్టిన ముద్దుపేర్లోనే ‘సైకోబిల్లీ’ అనే మాట ఉంది. అప్పటికి అదింకా ఒక సంగీతం పేరు కాదు.

ఆ మాటని ఎత్తుకొచ్చి సంగీతానికి తగిలించినవాళ్ళు ఒక జంట. లక్స్ ఇంటీరియర్ పాడతాడు, పాయిజన్ ఐవీ గిటారు వాయిస్తుంది. అవి వాళ్ళు పెట్టుకున్న పేర్లు లెండి, ఏ తల్లీ బారసాలలో అలా పెట్టదు. 1972లో కలుసుకున్నారు, 1976లో న్యూయార్కులో ‘ది క్రాంప్స్’ బృందం కట్టారు. జనాన్ని రప్పించడానికి తమ కరపత్రాల మీద సైకోబిల్లీ అని అచ్చు వేయించారు. రాకబిల్లీకి పాత భయానక సినిమాలు కలిపి వాయించారు. 1978 జూన్‌లో కాలిఫోర్నియాలోని నాపా మానసిక చికిత్సాలయానికి వెళ్ళి, అక్కడి రోగుల కోసం ఉచితంగా కచేరీ చేశారు. దాని చిత్రం చూశాను. ఒకావిడ గాయకుడి పక్కకొచ్చి తనూ మైకులో కేకపెట్టింది. ఎవరూ ఆవిణ్ణి కిందికి దించలేదు. అది చూసి నాకు ఎందుకో గొంతు పట్టేసింది. 1980లో వాళ్ళ మొదటి పెద్ద రికార్డు ‘సాంగ్స్ ది లార్డ్ టాట్ అస్’ వచ్చింది. 2009 ఫిబ్రవరిలో ఆయన పోయాడు. ఆయనతోనే ఆ బృందం ఆగిపోయింది. ఈ సంగతి చెప్పినప్పుడు మా మేనకోడలు కూడా ఒక్క క్షణం గొంతు తగ్గించింది, నా మొహం చూసి. “మామూలుగానే చెప్పవే” అన్నాను.

మూడో పాఠానికి సముద్రం దాటాలి. 1980లో లండన్‌లో ‘ది మీటియర్స్’ అనే ముగ్గురి బృందం పుట్టింది. ఇద్దరు రాకబిల్లీ పిల్లలు, డ్రమ్ముల కుర్రాడిది పంక్ అనే దూకుడు సంగీతం. సిసలైన సైకోబిల్లీ బృందం ఇదే మొదటిదని చాలామంది మాట. 1981 నాటి వాళ్ళ ‘ఇన్ హెవెన్’ వింటే, పాత రోకటి పోటుకి పూనకం వచ్చినట్టుంటుంది. ఇక లండన్‌లోనే హామర్‌స్మిత్‌లో, క్లారెండన్ హోటల్లో క్లబ్ ఫుట్ అనే చోటు ఈ పిల్లలకి సత్రమైపోయింది. కణతల దగ్గర నున్నగా గొరిగించుకుని, ముందు జుట్టు కోడిపుంజు తురాయిలా నిలబెట్టుకుని వచ్చేవారట. అక్కడ రాజకీయాలు మాట్లాడకూడదని ఒక కట్టుబాటు. దెబ్బలాటలకి అదే మొదలు గదా! అందుకని దయ్యాలూ రక్తపిశాచాల మీదే పాటలు. 1984లో ‘స్టాంపింగ్ ఎట్ ది క్లబ్ ఫుట్’ అనే రికార్డు వచ్చింది. ఒకేసారి నాలుగైదు బృందాలు పరిచయం కావాలంటే అది వినండి. ఆ హోటలు మాత్రం 1988లో కూల్చేశారు.

కార్డిఫ్ నుంచి వచ్చిన ‘డిమెంటెడ్ ఆర్ గో’ వాళ్ళ 1986 నాటి రికార్డు పేరు చూసి నేను చాలాసేపు నవ్వుకున్నాను. ‘ఇన్ సిక్నెస్ అండ్ ఇన్ హెల్త్’ అట! వాళ్ళ పెళ్ళిళ్ళలో చేసే ప్రమాణం అది. రోగంలోనూ ఆరోగ్యంలోనూ తోడుంటానని. చివరి ఆర్నెల్లూ మావారికి మందులు లెక్కపెట్టి ఇచ్చిన దాన్ని, ఆ మాట బరువు నాకు తెలుసు. దాన్ని పట్టుకెళ్ళి ఇంత గోలకి పేరుగా పెట్టడం నాకు తప్పుగా తోచలేదు సరిగదా, చల్లగా ఉంది.

ఇక అసలు మనిషి కిమ్ నెక్రోమాన్. డెన్మార్కు నౌకాదళంలో జలాంతర్గామి రేడియో పని చేసి, 1989లో కోపెన్‌హేగెన్‌లో ‘నెక్రోమాంటిక్స్’ పెట్టాడు. అతని డబుల్ బేస్ అచ్చం శవపేటికే! దానికి తీగలు. ఆ బొమ్మ చూడగానే నాకు చందమామలో భేతాళకథలు గుర్తొచ్చాయి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే, ఆ శవం ఊరుకుంటుందా? దారి పొడుగునా కబుర్లు చెబుతుంది. చిన్నప్పుడు అవి చదివి ఎవరం జడుసుకోలేదు. పై నెల కథ కోసం కాచుక్కూచునేవాళ్ళం. అతని భార్య పెట్రీషియా డే కూడా తక్కువది కాదు. ‘హారర్‌పాప్స్’ బృందంలో పాడేది ఆవిడే, అంత పెద్ద బేస్‌నీ చరిచి వాయించేదీ ఆవిడే. మొగుడు పక్కన నిలబడి గిటారు వాయించేవాడు. 2004లో వచ్చిన వాళ్ళ ‘హెల్ యా’తో మొదలుపెట్టినా మీకు ఇబ్బందుండదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని పాటల్లో మాటలు మోటుగానూ, నెత్తురోడుతూనూ ఉంటాయి. పసిపిల్లల ముందు వద్దు. ముందు మాటలు వదిలేసి బేస్ చప్పుడు ఒక్కటే పట్టుకోండి. నాలుగు పాటలయ్యేసరికి మీ చెయ్యి కూరల పీట మీద దానంతటదే తాళం వేస్తుంది. ఆ తర్వాత మాటల సంగతి చూసుకోవచ్చు.

అసలు చావు దగ్గర చిందులేమిటంటారా? మన ఊళ్ళల్లో పెద్ద వయసువాళ్ళు పోతే డప్పులు కొట్టి, పాడె ముందు చిందులేస్తూ సాగనంపడం మీరు చూడలేదూ? భయపెట్టేదాన్ని భుజానికెత్తుకుని కాస్త దరువు వేస్తే, అది మీద పడదు. పక్కన నడుస్తుంది. వాళ్ళకి సైకోబిల్లీ అంతకంటే ఎక్కువేం కాదని నాకనిపిస్తుంది.

ఈమధ్య మావారి రెండో ఆబ్దికం జరిగింది. భోజనాలయ్యాక అందరూ హాల్లో చేరి అలవాటు ప్రకారం గుసగుసలు మొదలుపెట్టారు. నేను వక్క కత్తిరిస్తూ మామూలు గొంతుతోనే అందుకున్నాను.

“ఆయన సైన్సు మాష్టారు గదా, దయ్యాల్లేవని క్లాసులో బల్లగుద్ది చెప్పేవారు. అర్ధరాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే మాత్రం నన్ను లేపాల్సిందే. చింతచెట్టు దాకా లాంతరు పట్టుకుని నేను ముందు, ఆయన వెనక. ‘దయ్యాల్లేవన్నారుగా’ అంటే, ‘లేవు, కానీ పాములుంటాయిగా’ అనేవారు.”

ఎవరూ మాట్లాడలేదు. మా మరిది నేలచూపులు చూశాడు. మా పెద్ద ఆడపడుచుగారికి డెబ్భై ఆరేళ్ళు. కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమోనని లేవబోయాను. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

“చింతచెట్టా! వాడికి బావి గిలక చప్పుడన్నా హడలే. ఎనిమిదో క్లాసులో ఒకసారి ఏం చేశాడో తెలుసా...” అంటూ ఆవిడ పీట ముందుకి జరుపుకున్నారు.