వైమానికుడెవరు?

పదవీ విరమణ జరిగి ఏండ్లు గడిచినా కొన్ని ఎర్రసిరా గీతలు మనసులోనుండి చెరగవు. అట్టి గీత ఒకటి 1991 నాటిది. ఎనిమిదవ తరగతి త్రైమాసిక పరీక్షలో 'విమానమును నడుపువాడు' అన్నదానికి ఏకపదం రాయమన్నాను. బోధన్ వైపు పల్లెనుండి వచ్చే ఒక పిల్లవాడు 'పైలట్' అని రాశాడు. అది కొట్టివేసి, పక్కన 'వైమానికుడు' అని రాసి, అర మార్కు తగ్గించాను.

జవాబు పత్రాలు పంచిన నాడు వాడు లేచి నిలబడ్డాడు. "సార్, నడిపేటోడు వైమానికుడైతే మరి అండ్ల కూసున్నోణ్ణి ఏమంటరు?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నాకు జవాబు తోచలేదు. తోచలేదని ఒప్పుకొనే పెద్దరికమూ అప్పటికి నాకు లేదు. "ముందు కూర్చోరా" అని గద్దించాను. వాడు కూర్చున్నాడు. ఆ తరువాత నా తరగతిలో వాడు మరి ప్రశ్న అడిగిన జ్ఞాపకం లేదు.

నిజానికి వాడి ప్రశ్న వ్యాకరణ సమ్మతమైనది. విమాన శబ్దంపై తద్ధిత ప్రత్యయం చేరి, ఆది స్వరానికి వృద్ధి వచ్చి, 'వైమానిక' అయినది. విమానముచేత సంచరించువాడని అర్థం. ఇందులో నడపడమన్న మాటే లేదు. ఎక్కి కూర్చున్న ప్రతివాడూ వైమానికుడే.

జైనుల వాడుక ఇందుకు సాక్ష్యం. వారు దేవతలను భవనవాసులు, వ్యంతరులు, జ్యోతిష్కులు, వైమానికులు అని నాలుగు తెగలుగా చెబుతారు. ఊర్ధ్వలోక విమానాలలో వసించేవారు వైమానికులు. వారెవరూ విమానచోదకులు కారు. జైన గ్రంథాలలోని పౌదనపురం మన బోధన్ అని పలువురు చరిత్రకారులు గుర్తించారు. అక్కడి దేవల్ మసీదు ఒకప్పటి జైనాలయం. అంటే వైమానికుడన్న మాటను ఏనాడో ఎరిగిన నేలనుండి వచ్చిన పిల్లవాడికి నేను దాని అర్థం తప్పు చెప్పానన్నమాట!

అసలు 'విమానం' అన్నదే చిత్రమైన మాట. 'మా' ధాతువుకు కొలుచుట అని అర్థం. ఆకాశాన్ని కొలుస్తూ సాగేది విమానం. గర్భగుడిపై లెక్క ప్రకారం లేచే కట్టడమూ విమానమే. అమరసింహుడు దీనికి వ్యోమయానమని పర్యాయపదం చెప్పాడు. రామాయణంలోని పుష్పకమో, ఎక్కినవారి ఇచ్ఛననుసరించి పోయేది. దానికి తోలేవాడితో పనిలేదు. ఇంద్రుని రథానికి మాతలి ఉన్నాడు గాని పుష్పకానికి సారథి లేడు.

ఇక నేను కొట్టివేసిన 'పైలట్' సంగతి. గ్రీకు భాషలో 'పేదోన్' అంటే పడవను తిప్పే తెడ్డు. దానిని పట్టినవాడి పేరు ఇటలీ, ఫ్రాన్సు భాషల మీదుగా ఇంగ్లీషుకు చేరి 'పైలట్' అయింది. మొదట ఓడలవాడు, ఆపైన విమానంవాడు. మన 'కర్ణధారుడు' సరిగ్గా ఇదే. కర్ణమంటే ఇక్కడ చుక్కాని. అమరకోశం కర్ణధారునికి నావికుడని పర్యాయం చెప్పింది. వ్యుత్పత్తిని బట్టి నావికుడంటే నావతో దాటేవాడు. అయినా లోకం ఆ పేరును నడిపేవానికి ఇచ్చింది. అదే దారిలో వైమానికుడూ నడిపేవాడైనాడు. కనుక నా మాట తప్పు కాదు. పిల్లవాడి మాటను తప్పనడమే తప్పు. నిష్కర్షగా చెప్పాలంటే 'విమాన చోదకుడు' మేలు. చోదకుడంటే ప్రేరేపించి నడిపేవాడు.

ఇదంతా ఇప్పుడెందుకు తలచుకున్నానంటే, నిరుడు కంఠేశ్వర్ గుడి ముందర ఒకాయన నా కాళ్లకు మొక్కి, "గుర్తుపట్టిన్రా సార్?" అన్నాడు. వాడే. మన జిల్లాలో ఎందరివలెనో గల్ఫు పోయాడు. పాతికేండ్లుగా ఏడాదికో రెండేండ్లకో ఒకసారి వచ్చిపోతున్నాడు.

"విమానాలు బాగా ఎక్కితిని సార్. నడిపేటోని మొఖం మాత్రం ఎన్నడు సరిగ చూడలే. అక్కడ ఆయన్ను తయ్యార్ అంటరు" అని నవ్వాడు.

ఇంటికి వచ్చి నిఘంటువులు తిరగేశాను. అరబ్బీలో 'తయ్యార్' అంటే ఎగిరేవాడు. ఉర్దూలో విమానాన్ని తయ్యారా అనడం ఇక్కడి పాతతరం ఎరిగినదే. మనం పొద్దున లేస్తే వాడే 'తయారు' కూడా ఆ మాటకు చుట్టమేనని నిఘంటుకారులు అంటారు. ఎగరడానికి సిద్ధమైన డేగను గురించి మొదట పుట్టిన వాడుకట అది.

మళ్లీ పోయేముందు వాడు ఇంటికి వచ్చినప్పుడు చెప్పాను. "నాయనా, ఆనాడు నీవడిగిన దానికి జవాబు ఇది. పాణిని లెక్కన నువ్వే వైమానికుడివి. నాకప్పుడు తెలియదు, తెలియదని చెప్పలేదు. నిన్ను కూర్చోబెట్టడం నా తప్పు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేనప్పుడే మర్శిన సార్" అన్నాడు. మరచినవాడికి పేదోన్ కథంతా వినే ఓపిక ఎక్కడిదో నేను అడగలేదు.

మిత్రులారా, మీ ప్రాంతంలో పెద్దలు విమానం నడిపేవాణ్ణి ఏమని పిలిచేవారో తెలియజేయగలరు. నేను దిద్దను, రాసుకుంటాను.