బెజవాడలో ఒక్కరోజు ఆగండి!

‘విజయవాడలో చూడ్డానికేముంది మామయ్యా, ఎండ తప్ప!’ అంటాడు మా అల్లుడు. అతనొక్కడే కాదు, ఈ ఊరి మీదుగా వెళ్లే చాలామంది మాట అదే. రైలు దిగుతారు, దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుంటారు, మళ్లీ రైలెక్కేస్తారు. అందుకే కిందటి సంక్రాంతికి హైదరాబాద్‌ నుంచి వచ్చిన మనవళ్లతో పందెం కట్టాను. పొద్దుట్నుంచి రాత్రిదాకా ఊరు చూపిస్తా, నచ్చకపోతే అడిగింది కొనిపెడతా అని. మీకూ ఓ ఆదివారం ఖాళీ దొరికితే అదే దారిన రండి.

కంచంలో అన్నం పుట్టేచోటు

తెల్లారేసరికి ప్రకాశం బ్యారేజీ మీదుండాలి. ఒకపక్క ఇంద్రకీలాద్రి, ఇంకోపక్క సీతానగరం కొండ, నడుమ కృష్ణమ్మ. ‘ఇది బ్రిడ్జేగా తాతయ్యా’ అన్నాడు చిన్నాడు. బ్రిడ్జి ఒక్కటే కాదురా, మన కంచంలో అన్నం పుట్టేది ఇక్కడే అన్నాను. 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట కట్టారు. 1952 వరదకి అది దెబ్బతింది. దాని స్థానంలో ఈ బ్యారేజీ 1957లో వచ్చింది. ఇక్కడ ఆపిన నీరే రెండు ఒడ్డుల కాలువల్లోనూ పారి, దాదాపు 13 లక్షల ఎకరాలను తడుపుతుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్‌ కాలువ... మూడూ ఊరి మధ్యనుంచే డెల్టాలోకి వెళ్తాయి.

వెన్న కరిగేలోపు...

నడిచొచ్చాక ఆకలి దంచేస్తుంది. గాంధీనగర్‌లో బాబాయ్‌ హోటల్‌కి పదండి. పొగలు కక్కే ఇడ్లీ మీద వెన్నముద్ద, పక్కన కారప్పొడి, చట్నీ. వెన్న పూర్తిగా కరగకముందే తినాలి, అదీ కిటుకు. మా పెద్దాడు ‘రెండు చాలు’ అని కూర్చుని ఆరు లాగించాడు!

అక్కణ్నుంచి బందరు రోడ్డులోని బాపు మ్యూజియం. విక్టోరియా మహారాణి జూబిలీ పేరుతో 1887లో పునాది వేసిన భవనమిది. 1921లో కాంగ్రెస్‌ సమావేశాలకు గాంధీజీ విజయవాడ వచ్చినప్పుడు, మన పింగళి వెంకయ్య తను గీసిన జెండా నమూనాను ఆయనకు అందించారు. బడి పుస్తకంలో చదివిన పాఠం మన ఊళ్లోనే జరిగిందని తెలిసి పిల్లలిద్దరూ కాసేపు మాట్లాడలేదు. లోపల అల్లూరు బుద్ధుణ్ని చూడకుండా రావద్దు.

దార్లో లెనిన్‌ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలు తగుల్తాయి. బేరం ఆడటం తెలిస్తే సంచి నింపుకోవచ్చు. మధ్యాహ్నం ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగుతో భోంచేసి కాస్త నడుం వాల్చండి. మా అల్లుడు చెప్పిన ఎండ అబద్ధం కాదు మరి!

పొద్దువాలాక

నాలుగింటికి మళ్లీ బ్యారేజీ దాటితే ఉండవల్లి గుహలు. కొండను నాలుగంతస్తులుగా తొలిచారు. లోపల రాతిలో పవళించిన అనంతపద్మనాభుడు. పైకెక్కి చూస్తే ఎదురుగా పచ్చటి పొలాలు. పొద్దున్న చెప్పిన కాలువ నీళ్ల సంగతి పిల్లలకి అప్పుడు బాగా అర్థమైంది.

సాయంత్రం పునుగులు తినకపోతే బెజవాడ చూసినట్టే కాదు. నేనెప్పుడూ సత్యనారాయణపురంలో ఓ మలుపులోని బండి దగ్గరికే వెళ్తాను. పైన కరకర, లోపల మెత్తన, పక్కన అల్లం చట్నీ. ఆ బండి నడిపే అమ్మాయిది సింగ్‌నగర్‌. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచేసిన పేటల్లో అదీ ఒకటి. కొల్లేటికి పోవాల్సిన వాగు అది. దాని చుట్టూ ఊరు పెరిగిపోయింది. ఆ రోజుల్లోనే కృష్ణలోనూ బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద. పొయ్యి, గ్రైండరు, మినప్పప్పు బస్తా, అన్నీ నీళ్లపాలు. దాబా మీద మూడు రాత్రులు గడిపామని చెప్పింది. నెలలోపే అప్పు తెచ్చి మళ్లీ మూకుడు పెట్టింది.

‘ఇంకో ఊరు వెళ్లిపోవచ్చుగా ఆంటీ?’ అన్నాడు చిన్నాడు.

‘ఇంకో ఊళ్లో నా పునుగులు ఎవరికి తెలుసు నాన్నా!’ అని నవ్వి, వాడి ప్లేట్లో మరో రెండు వేసింది. ‘బాబాయిగారూ, వీటికి డబ్బులొద్దు’ అంది నాతో.

ఇచ్చే వచ్చాననుకోండి. ఇంటికెళ్లేటప్పుడు పందెం సంగతి ఎవరూ ఎత్తలేదు. రాత్రి అల్లుడు ఫోన్‌ చేసి ‘ఏం చూశార్రా?’ అనడిగితే, చిన్నాడు బ్యారేజీ దగ్గర మొదలుపెట్టి పునుగుల బండి దాకా అరగంట చెప్పాడు. చివర్లో ‘దసరాకి నువ్వూ రా నాన్నా, ఒక్కరోజు ఆగుదువుగాని’ అన్నాడు.