కొల్లేటి గట్టు మీద ఐసు రోడ్డు!

హీరోగారు మంచుకొండల మధ్య మోటార్ సైకిల్ మీద ఝామ్మని దూసుకుపోతుంటారు. వెనక సీట్లో హీరోయిన్... ఆవిడకి పాపం ఉన్నికోటు కూడా అక్కర్లేదు! హాల్లో మనం ఈలలు వేస్తాం, చప్పట్లు కొడతాం. ఇంటికొచ్చాక ఒక్కసారైనా ఆలోచించామా, ఆ బండి ఎందుకు జారలేదని?

ఇప్పుడు మన కుర్రాళ్లు కూడా బుల్లెట్ల మీద లడఖ్ వెళ్లొస్తున్నారు. జోజి లా, ఖర్దుంగ్ లా కనుమల్లో ఐసు మీద బండి ఎలా తిరగబడిందో కథలు కథలుగా చెబుతారు. జర్మనీలో అయితే 1956 నుంచీ నడిచలికాలంలో మోటార్ సైకిళ్ల వాళ్లకి ఏకంగా ఓ తిరునాళ్లే జరుగుతోంది. దాని పేరు ‘ఏనుగుల కలయిక’. మంచులో గుడారాలు వేసుకుని మరీ పడుకుంటారట!

అంత దూరం పోనక్కర్లేదండీ. అసలైన జారుడు రోడ్డు కావాలంటే ఓ వాన వెలిసిన పొద్దున కొల్లేటికి రండి. నవంబరులో అలాంటి పొద్దునే నేను తాడేపల్లిగూడెంలో బండి ఎక్కాను.

గూడెం నుంచి ఏలూరు

తాడేపల్లిగూడెం అనగానే సినిమా వాళ్లకి గుర్తొచ్చేది రేలంగి వెంకట్రామయ్య గారు. పద్మశ్రీ అందుకున్న ఆ హాస్యనటుడు ఇక్కడే ‘రేలంగి చిత్రమందిర్’ అని హాలు కట్టించారు. 1975లో కన్నుమూసిందీ ఈ ఊళ్లోనే. ఊరి పక్కనే రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. బాణంలా తిన్నని దారి.

హైవే ఎక్కితే భీమడోలు, ఆ తర్వాత ఏలూరు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులోనే ఎల్.వి. ప్రసాద్ గారు పుట్టారు. 1931లో మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’లో వేషం వేసిన మనిషి! సిల్క్ స్మిత సొంత ఊరు కొవ్వలి కూడా ఏలూరికి ఆ చాయలోనే. ఇంతవరకూ రోడ్డు అద్దంలా ఉంది. ఏలూరు దాటి కైకలూరు దారి పట్టానో లేదో, కథ మారింది.

లారీ నుంచి కారే ఐసు

కైకలూరు, ఆకివీడు వైపు నుంచి చేపల లారీలు దూరదేశాలకి బయల్దేరతాయి. హౌరా దాకా వెళ్లే సరుకు. చేప పాడవకుండా పెట్టెల నిండా ఐసు దట్టిస్తారు. ఆ ఐసు కరిగి, చేప జిగురు కలిసి, లారీ వెనక నుంచి ధారగా కారుతుంది. దుమ్ము మీద పడితే వెన్న రాసినట్టే. మలుపు దగ్గర లారీ నెమ్మదిస్తుంది కదా, నీళ్లు ఎక్కువ పడేదీ అక్కడే... మనం బండి వంచేదీ అక్కడే!

లెక్క చూడండి. పొడి తారురోడ్డు మీద టైరుకి దొరికే పట్టు 7 వంతులనుకుంటే, గట్టి ఐసు మీద దొరికేది సుమారు 1 వంతు. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక పొడి రోడ్డు మీద 9 మీటర్లలో ఆగే బండి, ఐసు మీద 60 మీటర్లు దాటిగానీ ఆగదు. తడిసిన రేగడిమట్టి మరీ ఐసంత కాకపోయినా, దానికి దగ్గరి చుట్టమే. ఎందుకంటే ఆ మట్టి రేణువులు బియ్యప్పిండి కన్నా సన్నం. నీళ్లు తాగి ఉబ్బి, టైరు గాడుల్లో కూరుకుపోతాయి. గాడులు పూడిపోయాక కొత్త టైరైనా అరిగిన టైరుతో సమానమే.

గట్టు మీద గురువు

పెద్ద రోడ్డు దిగి చేపల చెరువుల గట్టు ఎక్కాను. అటు నీళ్లు, ఇటు నీళ్లు, మధ్యన బండి పట్టేంత నల్లటి దారి. ఎదురుగా ఒకాయన వెనక చేపల బుట్ట కట్టుకుని తాపీగా వస్తున్నాడు. బండికి ముందు మడ్‌గార్డు లేదు.

“అదెక్కడ పోయిందండీ?” అన్నాను.

“నేనే పీకేశానండి. బురద ఇరుక్కుంటే చక్రం తిరగదు కదండీ, ఆయ్!” అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఇదే గట్టు మీద తిరుగుతున్నాడట. చాలా సార్లు పడుంటారు కదా అంటే నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. “ఓ వానాకాలం రాత్రి మా ఆవిడకి నొప్పులొచ్చాయండి. అంబులెన్సు పెద్ద రోడ్డు మీదే ఆగిపోయింది, గట్టెక్కలేదు. ఆవిణ్ణి వెనక కూచోబెట్టుకుని, రెండు కాళ్లూ నేలకి ఆనించి, ఫస్టు గేరులో నడిపించాను. మూడు కిలోమీటర్లకి గంట పైన పట్టిందండి. బ్రేకు మీద వేలెయ్యలేదు. ఇప్పుడా పిల్ల ఏడో క్లాసు.”

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నీళ్ల మీద నుంచి కొంగ ఒకటి లేచింది.

ఆయన చెప్పిన పాఠం

ఆయన మాటల్లో చెప్పాలంటే సూత్రాలు నాలుగే. ఒకటి, ముందు బ్రేకు జోలికి పోకూడదు. ముందు చక్రం జారితే సవరించుకునే టైము ఉండదు. రెండు, సెకండు గేరులో ఒకే తీరుగా పోవాలి. ఆపాలంటే యాక్సిలేటరు మెల్లగా వదిలితే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. మూడు, హ్యాండిల్‌ని పిసికెయ్యకూడదు. వెనక చక్రం కాస్త అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వాలి. నాలుగు, చూపు పది బారల ముందుండాలి. చెరువు వైపు చూశామా, బండి చెరువులోకే పోతుంది!

మంచు రోడ్ల మీద నడిపే వాళ్లు చెప్పేదీ అక్షరాలా ఇదే. మనాలి గురువుకీ కొల్లేటి గురువుకీ తేడా లేదన్నమాట. కొత్త బండ్లలో చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంటోంది కదా అంటారేమో. అది మంచిదే. కానీ లేని పట్టుని ఏ మిషనూ పుట్టించలేదు.

గట్టుకీ కొల్లేటికీ తగువు

అసలీ గట్ల కథ వేరే ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దీంట్లోకొచ్చి పడతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. చేపల చెరువుల గట్లు పెరిగి నీళ్లు నిలబడే చోటు తగ్గింది. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో సర్కారు చాలా గట్లు కొట్టించేసింది. పక్షులకి మేలన్నారు కొందరు, మా కూడు పోయిందన్నారు ఇంకొందరు. ఇద్దరిదీ నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీళ్లూ ఇక్కడికే చేరి కొల్లేరు ఉబ్బింది. నీళ్లకి చోటు కావాలి, మనిషికి దారి కావాలి. లంక ఊళ్లలో ఉండేవాళ్లకి ఇది రోజూ ఉండే తగువు.

మీరు వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి మంచి నెలలు. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు చెట్ల మీద పిల్లల్ని మేపుతుంటాయి. ఫాల్గుణంలో అయితే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. పొద్దున పొగమంచు దట్టంగా ఉంటుంది గనుక ఎండెక్కాకే గట్టెక్కండి. చేపల లారీ వెనక మాత్రం బాగా దూరంగా ఉండండి. ఎదురుగా బుట్ట కట్టిన బండి కనిపిస్తే మీరే పక్కకి తప్పుకుని దారివ్వండి. ఆయనకి వేళకి మార్కెట్టుకి చేరాలి, మీకు మ్యాటినీకి ఇంకా టైముంది!