ముందు గ్యాస్ దింపాల, ఆ తర్వాతే స్క్రూ ముట్టాల

 

కొంచెం పెద్దగా రాస్తున్నాం, తీరిగ్గా చదవండి. ఈ సెలవుల్లో బెంగళూరు పోయి పెయింట్‌బాల్ గ్రౌండ్లలో పని చేస్తామని మన తమ్ముళ్ళు చాలామంది అడుగుతాండారు. పని ఎట్లుంటాది, జీతం ఎంత అని అడుగుతారు గానీ, దెబ్బలు తగులుతాయా అని ఒక్కరూ అడగలేదు. మేమూ అప్పుడు అడగలేదు. అందుకే రాస్తున్నాం.

మేం ముగ్గురం. కనగానపల్లి మండలం పిల్లోళ్ళం. ఇద్దరిది ఒకే తండా, సుగాలీలం. మూడోవాడు పక్క ఊరి ఎరుకల అబ్బాయి. ఒకడు ఐటీఐ ఫిట్టర్, ఒకడు డిగ్రీ, చిన్నోడు అప్పుడే ఇంటర్ పరీక్షలు రాసినాడు. ఆ ఏడు శెనక్కాయ పంట చేతికి రాలేదు. విత్తనాల అప్పు అట్లే నిలబడింది. ధర్మవరంలో రైలెక్కి, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు చేరినాం. సెంట్రింగ్ పనికని పోయినోళ్ళం, తెలిసిన అన్న ఒకాయన మాట మీద ఊరి బయట ఒక ఆటల గ్రౌండ్‌లో కుదిరినాం.

మొదటిరోజు షెడ్డులోకి పోయి చూస్తే గోడ పొడుగునా తుపాకులు వేలాడుతున్నాయి. నల్లగా, బరువుగా, అచ్చం సినిమాలో మాదిరి. మా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయినాయి. అక్కడి మెకానిక్ మైసూరు వైపు పెద్దాయన. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడతాడు. నవ్వి, "ఇది గన్ కాదప్పా, మార్కర్. గుర్తు పెట్టేది" అన్నాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. అమెరికాలో నెల్సన్ అనే రంగుల కంపెనీ అడవిలో చెట్లకు, మందలో పశువులకు దూరం నుంచే రంగు గుర్తు వేయడానికి ఇట్లాంటి పరికరాలను అమ్మేది. 1981 జూన్ 27న న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో 12 మంది దాంతోనే అడవిలో జెండాల ఆట ఆడినారు. గెలిచినవాడు అడవిపని చేసే మనిషి. ఒక్క గుండు కూడా కాల్చకుండా, ఎవరి కంటా పడకుండా జెండాలన్నీ ఏరుకొచ్చినాడంట. ఇది విన్నాక మేం పగలబడి నవ్వినాం. మా తాత ఆడి ఉంటే ఆయనే గెలిచేవాడు. మేకలు కాసేవాళ్ళకు చప్పుడు లేకుండా నడవడం ఎవరు నేర్పాల?

ఇక లోపలి సంగతి. రంగు గుండు 0.68 అంగుళాల లావుంటుంది, బరువు సుమారు 3 గ్రాములు. పైన మందు గొట్టాల మాదిరి జెలటిన్ పొర, లోపల రంగు. దాన్ని తోసేది సిలిండర్‌లోని గ్యాస్. మా గ్రౌండ్‌లో సీఓటూ. మామూలు వాతావరణంలో, అంటే 21 డిగ్రీల దగ్గర, ఆ సిలిండర్‌లో ఒత్తిడి 850 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. మన బైకు టైరులో గాలి 30 పీఎస్‌ఐ అనుకోండి, దానికి 28 రెట్లు. వేడి పెరిగే కొద్దీ ఇది పెరుగుతుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవం, వాయువు అనే తేడా కూడా ఉండదు, ఒత్తిడి 1000 దాటిపోతుంది. మే నెలలో మన కనగానపల్లి ఎండ ఎంతో మీకు తెలుసు. ఎండలో నిలబెట్టిన కారులో సిలిండర్ వదిలేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

గుండు గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 300 అడుగులు దాటకూడదు. అంటే గంటకు 330 కిలోమీటర్లు. మా దగ్గర 280కి దించి పెట్టేవాళ్ళు. ఒంటి మీద పడితే వాత తేలుతుంది, అంతే. కంట్లో పడితే కన్ను పోతుంది. అందుకే ఆటగాళ్ళు గ్రౌండ్ లోపల ఏం జరిగినా మాస్కు తీయకూడదు. ఈ మాట మేమే రోజుకు యాభైసార్లు అరిచేవాళ్ళం.

అరిచిన మేమే షెడ్డులో కళ్ళద్దాలు మేకుకు తగిలించి పని చేసేవాళ్ళం. ఆట అయిపోయింది కదా, ఇంక భయం ఏముంది అని.

ఒక ఆదివారం మూడు కంపెనీల జట్లు వచ్చినాయి. సాయంత్రానికి 40 మార్కర్లు రంగు పూసుకొని బల్ల మీదికి చేరినాయి. రాత్రి రైలు పట్టుకోవాల, మరుసటిరోజు చిన్నోడికి కాలేజీలో సర్టిఫికెట్ల పని. తొందర. చిన్నోడు సిలిండర్లు విప్పినాడు. ఆ తర్వాత మార్కర్‌ను నేలవైపు పట్టుకొని ట్రిగ్గర్ నొక్కాల. అప్పుడు లోపల మిగిలిన గ్యాస్ పోతుంది, వెనక్కి లాగి ఆపిన సుత్తి కూడా ముందుకొస్తుంది. ఒక్కదానికి అది మర్చిపోయినాడు. స్క్రూలన్నీ తీసి పై సగం లేపినాడు. లోపల అణిగి ఉన్న స్ప్రింగు, దాని మధ్యలోని కడ్డీ ఎగిరొచ్చి కనుబొమ్మకు తగిలినాయి. అర అంగుళం కింద తగిలి ఉంటే ఈ కథ మేం ఇట్లా రాసేవాళ్ళం కాదు.

ఆసుపత్రికి ఎత్తుకొని పోయినాం. "ఏమైంది?" అని అడిగితే వాడు భయంలో "గన్ తగిలింది" అన్నాడు. అంతే, అక్కడ మనుషుల ముఖాలే మారిపోయినాయి. ఎవరి గన్? ఏ ఊరు? ఏ జనం? లంబాణీలా? ఆధార్ కార్డులు తీసుకున్నారు. రక్తం కారుతున్నోడిని పక్కన కూర్చోబెట్టి మమ్మల్ని గోడకు నిలబెట్టి అడిగినారు. మెకానిక్ పెద్దాయన వచ్చి, ఫోన్‌లో ఆట వీడియో చూపించి చెప్పేదాకా సూది పడలేదు. ఆ తర్వాత 4 కుట్లు వేసినారు.

బయటికొచ్చినాక ఎరుకలోడు ఒక మాట చెప్పినాడు. వాళ్ళ తాత చిన్నప్పుడు ఇంట్లో మగోళ్ళు రాత్రిపూట పోలీసులకు కనబడి హాజరు వేయించుకోవాల్సి వచ్చేదంట. దొంగతనం చేసినందుకు కాదు, ఆ కులంలో పుట్టినందుకు. నేరస్థ జాతుల చట్టం 1871లో మొదలై, 1911 చట్టంతో మన మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. 1952 ఆగస్టు 31న రద్దయింది. పుస్తకంలో రద్దయింది గానీ, మా చేతిలో తుపాకి ఆకారం చూస్తే జనం కళ్ళలో ఇంకా రద్దు కాలేదని ఆ రాత్రి మాకు అర్థమైంది. వేరే ఇంటి పిల్లోడు "గన్ తగిలింది" అంటే "అయ్యో" అనేవాళ్ళేమో. మాకు మాత్రం "ఎవరిది" అన్నారు.

ఇంటికి పోతే బా ఏమీ తిట్టలేదు. కుట్లు చూసి, జరిగింది మొత్తం విని, "మందు పంపు విప్పేటప్పుడు నేనేం చెప్పినాను?" అన్నాడు. మాకు సిగ్గేసింది. వీపుకు తగిలించుకొనే మందు పంపు నాజిల్‌లో నలక పడితే బా ఎప్పుడూ మొదట పంపు కొట్టడం ఆపి, మీట నొక్కి లోపలి ఒత్తిడి పోనిస్తాడు. ఆ తర్వాతే నాజిల్ తిప్పుతాడు. లేకుంటే పురుగుల మందు మొహాన కొడుతుంది. ఇంట్లో చిన్నప్పటి నుంచి చూసిందే. బెంగళూరు మిషన్ అనేసరికి అది వేరే విద్య అనుకున్నాం.

సరే, ఇప్పుడు పద్ధతి. మా దగ్గర ఉండింది టిప్‌మన్ 98 కస్టమ్. అద్దె గ్రౌండ్లలో బాగా కనబడే రకం. వేరే రకాలకు లోపలి భాగాలు వేరుగా ఉంటాయి, దాని పుస్తకం చూడండి. కానీ మొదటి ఐదు మెట్లు దేనికైనా ఇవే.

1. కళ్ళద్దాలు ముందు. గొట్టం మూతికి గుడ్డ తొడుగు వేయాల, సేఫ్టీ నొక్కాల.

2. పైనున్న గుండ్ల డబ్బా తీసేయాల. డబ్బా తీసినా గొట్టం మొదట్లో ఒక గుండు మిగిలే ఉంటుంది, దాన్ని మర్చిపోవద్దు.

3. సిలిండర్‌ను మెల్లగా తిప్పాల. ఇక్కడే ప్రాణం పోయే తప్పు ఉంది. తిప్పేటప్పుడు వాల్వుతో సహా సిలిండర్ బయటికి రావాల. వాల్వు మార్కర్‌లోనే నిలిచిపోయి, సిలిండర్ ఒక్కటే వాల్వు నుంచి విడిపోతాంటే వెంటనే ఆపేయాల. అట్లా పూర్తిగా ఊడితే సిలిండర్ రాకెట్టు మాదిరి ఎగురుతుంది. అమెరికాలో ఇట్లా మనుషులు చనిపోయినారు. పెద్దాయన నేర్పిన ఉపాయం ఏమంటే, వాల్వు మీద నుంచి సిలిండర్ మీదికి గోళ్ళ రంగుతో ఒకే గీత గీయాల. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే వాల్వు వదులైనట్టు. దాన్ని మనం బిగించకూడదు, తెలిసినోళ్ళకే ఇవ్వాల. మా అక్క గోళ్ళ రంగు సీసా అట్లనే ఖాళీ అయింది.

4. సిలిండర్ వచ్చినాక సేఫ్టీ తీసి, మనుషులు లేని వైపు నేలకు పట్టి ట్రిగ్గర్ నొక్కాల. చప్పుడు ఆగేదాకా.

5. వెనక పిడి చూడాల. అది ముందుకు వచ్చి ఉంటేనే స్ప్రింగు వదులైనట్టు. మా చిన్నోడు తప్పింది ఈ రెండు మెట్లే. ఎప్పుడూ గొట్టంలోకి కన్ను పెట్టి చూడొద్దు. గొట్టం విప్పినాకే చూడాల.

ఇప్పుడు స్క్రూలు. తెల్లగుడ్డ పరిచి, ఎల్ కీతో ఒక్కొక్కటి తీసి, తీసిన వరుసలోనే పెట్టుకోవాల. మొదట్లో ప్రతి మెట్టుకు ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుంటే బిగించేటప్పుడు కొట్లాట ఉండదు. 98 కస్టమ్ శెనక్కాయ ఒలిచినట్టు రెండు సగాలుగా విడిపోతుంది. ఒక సగం బల్ల మీదే పడుకోబెట్టి, పై సగాన్ని నిదానంగా లేపాల. లోపల ముందు బోల్టు, వెనక సుత్తి, రెండింటినీ కలిపే కడ్డీ, మధ్యలో వాల్వు, వెనక స్ప్రింగు కనబడతాయి.

పగిలిన గుండు రంగును తడిగుడ్డతో తుడిస్తే చాలు. అది నీళ్ళలో కరిగే రకం. పెట్రోలు, కిరోసిన్ మాత్రం ముట్టించొద్దు. బైకు షెడ్డులో చూసిన అలవాటుతో మేం మొదటి వారం పది మార్కర్లను పెట్రోలుతో కడిగినాం. ఓ-రింగులన్నీ ఉబ్బిపోయి, మరుసటిరోజు ఏది చూసినా బుస్సుమని గ్యాస్ కారింది. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా వద్దు. మార్కర్ నూనె నాలుగు చుక్కలు వాడితే చాలు. ఓ-రింగును గోటితో తడిమి చూడాల, గాటు తగిలితే మార్చాల. బిగించినాక గుండ్లు లేకుండా కాల్చి చూసి, ఆ తర్వాత వేగం కొలిచే మిషన్ ముందు కాల్చి, స్క్రూ తిప్పి 280కి తేవాల.

సిలిండర్‌ను గ్యాస్ తూకంతో నింపుతారు. ఎక్కువ నింపితే ఎండకు ప్రమాదం. పరీక్ష తేదీ దాని మీదే కొట్టి ఉంటుంది, గడువు దాటినదాన్ని ముట్టుకోవద్దు. బస్సులో, రైల్లో అస్సలు తేవద్దు.

ఈ చివరి మాట వెనక కూడా ఒక కథ ఉంది. పాడైన మార్కర్ ఒకటి, సిలిండర్ లేకుండా, నేర్చుకోమని పెద్దాయన ఇచ్చినాడు. సంతోషంగా సంచిలో పెట్టుకొని తండాకు తెచ్చినాం. యాడి సంచి తెరిచి చూసింది. ఒక్క మాట మాట్లాడకుండా దాన్ని పాత చీరలో చుట్టి గడప అవతల పెట్టింది. "ఇది ఇంట్లో ఉండకూడదు. రేపు యాడన్నా ఏదన్నా జరిగితే ముందు మన తలుపే కొడతారు" అనింది. బొమ్మ లాంటిదే యాడీ, కాల్చదు అని మేం చెప్తానే ఉన్నాం. "అది కాల్చదని నీకు తెల్సు. వచ్చేటోడికి తెల్సా?" అనింది.

తెల్లారుజామున వీధిదీపం కింద కూర్చొని ముగ్గురం దాన్ని విప్పినాం. స్క్రూలు ఒక పొట్లం, స్ప్రింగు ఒక పొట్లం, గొట్టం ఒకరి సంచిలో, సగాలు చెరొకరి సంచిలో. ముక్కలుగా ఉంటే అది ఇనుప సామాను, కలిస్తే తుపాకి. అట్లనే తిరిగి తీసుకుపోయి బల్ల మీద పెట్టి, మళ్ళీ బిగించి, గోడకు తగిలించినాం. ఎంత జాగ్రత్తగా విప్పినామంటే, ఒక్క వాషర్ పోలేదు. పెద్దాయన ఎందుకు తిరిగి తెచ్చినారని అడగలేదు. చూసి ఊరకున్నాడు.

పోయే తమ్ముళ్ళకు మా మాట ఇంతే. ఆ పని మంచిదే, భయపడొద్దు. చేరేముందే కళ్ళద్దాలు ఇస్తారా, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది అని అడగండి. జీతం ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఎవరన్నా అడిగితే "గన్" అనొద్దు, "మార్కర్" అనండి. గ్రౌండ్ సామాను గ్రౌండ్‌లోనే వదిలి రండి. తొందరలో ఉన్నప్పుడు అసలు విప్పొద్దు.

చిన్నోడి కనుబొమ్మ మీద గీత ఇప్పటికీ ఉంది. మా ఫిట్టర్ మొన్న అప్రెంటిస్ ఇంటర్వ్యూకు పోతే, "ప్రెషర్ లైన్ విప్పే ముందు ఏం చేస్తావు?" అని అడిగినారంట. వాడు పుస్తకంలోది కాకుండా, బా మందు పంపు గురించి చెప్పొచ్చినాడు. ఫలితం ఇంకా రాలేదు. వస్తే చెప్తాం.