నేను వేసిన ఇరవై

మా ఆస్పత్రికి బుర్ర వున్న యంత్రం వస్తోందన్న వార్త మాకు పైవాళ్ళు చెప్పలేదు. క్యాంటీన్ కుర్రాడు చెప్పాడు. "ఇక మీకు పని వుండదటగా సిస్టర్!" అన్నాడు, టీ గ్లాసు చేతికిస్తూ.

ఆ పూటంతా డ్యూటీ రూములో అదే గొడవ. పాతికేళ్ళ సర్వీసు వున్నవాళ్ళు, "రోగికి బెడ్‌పాన్ పెడుతుందా అది? పెడితే రమ్మనండి" అన్నారు. నిన్నగాక మొన్న చేరిన పిల్లలు సెల్‌ఫోనులో దానితో కబుర్లాడినవాళ్ళే గనక, అది చెప్పిందంటే ఇక తిరుగులేదన్నారు. నేను ఏ పక్షమూ కాదు. చివరికి ఒక పెద్దమనిషి వచ్చి, ముప్పావుగంట సేపు గోడ మీద బొమ్మలు చూపించి, "అర్థమైందా?" అన్నాడు. అందరం తల వూపాం.

నాకర్థమైనంతలో సంగతి ఇది. నాడి, రక్తపోటు, జ్వరం, శ్వాస, రక్తంలో ప్రాణవాయువు మేము వేళకు చూసి కంప్యూటర్లో ఎక్కిస్తాం. ఇటువంటి అంకెలకు మార్కులు వేసి ముప్పు పసికట్టే పద్ధతి కొత్తదేం కాదు. 2012లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వారు ఒక పట్టిక తయారుచేశారు. అందులో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 దాకా వుంటే సున్నా. 25 గాని, మించి గాని వుంటే 3 మార్కులు. ఆ మార్కులు మనుషులు నిర్ణయించినవి. ఈ కృత్రిమ మేధ మాత్రం వేలమంది పాత రోగుల రికార్డులు తిరగేసి, ముప్పు రాబోయే ముందు అంకెలు ఎలా వుంటాయో తనే నేర్చుకుంటుంది. అంతా బాగుంటే రోగి పేరు పక్కన ఆకుపచ్చ దీపం, లేకపోతే ఎర్రదీపం.

ఇక నా సంగతి. శ్వాస లెక్కించాలంటే గడియారం చూస్తూ, నిండా ఒక నిమిషం, రోగి ఛాతీ లేచి పడటం గమనించాలి. వార్డులో ముప్పైమంది. మేమిద్దరం. అందుకని శ్వాస దగ్గరికి వచ్చేసరికి ఒక చూపు చూసి "20" వేసేస్తాం. మా సీనియర్లను చూసి నేను నేర్చుకున్నాను. నన్ను చూసి నా తరువాతివాళ్ళు నేర్చుకున్నారు. అది దొంగలెక్క అని ఎవరమూ అనుకోలేదు.

ఒక రాత్రి పదకొండో నెంబరు మంచం మీద న్యుమోనియాతో ఒక ముసలమ్మగారు. కొడుకు వచ్చి, "మా అమ్మ అదోలా వుంది, ఒకసారి చూడండి సిస్టర్" అన్నాడు. తెర చూశాను. ఆకుపచ్చ దీపం. "బాగానే వున్నారండీ, కంగారు పడకండి" అన్నాను.

అరగంటకి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లేచి వెళ్ళాను. ఆవిడ ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ముప్పైనాలుగు!

కంప్యూటర్లో, పదిగంటలకు నేను వేసిన ఇరవై అలాగే వుంది. కొట్టేసి 34 వేశాను. వెంటనే దీపం ఎర్రబడింది. యంత్రం తప్పు చెప్పలేదు. అబద్ధం నేను చెప్పాను. అది పాపం, నమ్మింది.

డాక్టరుగారు పరుగున వచ్చారు. ఆవిణ్ణి ఐ.సి.యు.కి మార్చారు. తొమ్మిదోనాడు లేచి నడిచి ఇంటికి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు కొడుకు నాకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం నాకు ఇంతవరకూ మింగుడు పడలేదు.

జరిగింది వున్నదున్నట్టు మేట్రన్ గారికి చెప్పాను. ఆవిడ చెడామడా తిట్టారు. కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేనూ వేశానమ్మా ఇరవైలు" అన్నారు.

2024 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో నర్సులు, యంత్రాన్ని కాదు, మమ్మల్ని నమ్మండంటూ వీధికెక్కారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. కాని నన్ను నమ్మమనే ముందు నా అంకె నమ్మదగినదై వుండాలి కదా! నిజాయితీగా ఎక్కించిన అంకెనూ కనిపెట్టి చూడాలి. వేలికి తగిలించే ప్రాణవాయువు క్లిప్పు నల్లని చర్మం మీద ఒక్కొక్కప్పుడు వున్నదానికంటె ఎక్కువ చూపిస్తుందని 2020లో అమెరికాలో రికార్డులు పరిశీలించి తేల్చారు. అది మనకు పట్టని సంగతి కాదు.

ఆ పెద్దమనిషి రెండోసారి వచ్చినప్పుడు నేను లేచి నిలబడ్డాను. "మీ యంత్రానికి నిజం చెప్పాలంటే మాకు రోగికొక నిమిషం కావాలి. అంటే వార్డుకు మూడో మనిషి కావాలి" అన్నాను. ఆయన వ్రాసుకున్నారు. మూడో మనిషి ఇంకా రాలేదు.

ఇప్పుడు ఎంత పనివున్నా ఆ నిమిషం కేటాయిస్తున్నాను. మా పిల్లలచేతా చేయిస్తున్నాను. లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి శ్వాస మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకొని కూర్చుంటాను. మొన్న ఒక తాతగారు, "ఇంతసేపు చెయ్యి పట్టుకొని చూసేది నువ్వొక్కదానివే తల్లీ!" అన్నారు.

నేను బదులు చెప్పలేదు. పదమూడు దగ్గర వున్నాను; మాట్లాడితే లెక్క తప్పుతుంది.