పాత కారు బ్రేక్ రివిట్లు

అంబాసిడర్ బ్రేకుల్లో డ్రమ్మును ఒరుసుకుని అరిగేది లైనర్, దాన్ని మోసేది ఇనుప షూ. పాత బండ్లలో ఈ రెంటినీ రాగి, ఇత్తడి లేదా అల్యూమినియం రివిట్లతో కలిపేవారు. రివిట్ తల లైనర్‌లోని గుంటలోకి దిగి ఉంటుంది, రెండో కొస షూ లోపలివైపు మడత పడి ఉంటుంది. లైనర్ అరిగి ఆ తల బయటపడితే డ్రమ్ము మీద గాట్లు పడతాయి. ఉప్పుగాలి తగిలే కళింగపట్నం, భోగాపురం వైపు ఇంకో చిక్కుంది: షూకీ లైనర్‌కీ మధ్య తుప్పు పొంగి లైనర్‌ను పైకి లేపుతుంది.

లైనర్ మార్చాలంటే ముందు బండిని చదును నేల మీద నిలిపి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు, కింద స్టాండు ఉండాలి. అడ్జస్టర్ వదులు చేస్తే డ్రమ్ము తేలిగ్గా వస్తుంది. లోపలి పొడిని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదడం మన షెడ్లలో అలవాటు. ఇది మానాల్సిన అలవాటు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టేయాలి. స్ప్రింగులు విప్పి షూలు తీశాక వీల్ సిలిండర్‌ను తీగతో కట్టాలి. పెడల్ ఎవరూ తొక్కకూడదు.

రివిట్‌ను ఉలితో కొట్టి తెంపడం వేగంగా సాగే పాడుపని. షూ వంగుతుంది, బెజ్జం సాగుతుంది. సాగిన బెజ్జంలో కొత్త రివిట్ నిండదు, బ్రేకు పడ్డప్పుడల్లా లైనర్ కదులుతుంది. మడత ఉన్న వైపు సరిగ్గా నడిమధ్య సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, మడత ఊడేవరకే డ్రిల్లు వేసి, మిగిలిన ముక్కను సన్నటి పంచ్‌తో లైనర్ వైపుకు తట్టాలి. మెత్తటి లోహం గనుక చేతి డ్రిల్లు చాలు. అమెరికాలో 1965-82 కార్వెట్ కార్లకు డిస్కునే హబ్బుకు రివిట్లతో బిగించారు. అక్కడా తలను డ్రిల్లుతోనే తీయాలి. కాకపోతే ఫ్యాక్టరీలో రెండూ కలిపి చెక్కినవి గనుక, విప్పేముందే డిస్కుకీ హబ్బుకీ ఒకే గీత గీసి పెట్టుకోవాలి.

రివిట్ విలువ తెలిసిన ఊరు సాలూరు. 2022 దాకా విజయనగరం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాకు చేరిన ఈ లారీల ఊరి నుంచి కొరాపుట్‌కు ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. బరువుతో దిగే లారీ చిన్న గేరులో దిగకపోతే డ్రమ్ములు కాలి బ్రేకు పట్టు జారిపోతుంది. లైనర్ మార్చడమంటే అక్కడ ప్రాణాల లెక్క. రివిట్లకు బదులు జిగురుతో అంటించిన లైనర్‌ను అడుగుదాకా వాడుకోవచ్చు, నిజమే. కానీ దాన్ని విప్పి మళ్లీ అతికించడం ఇంట్లో అయ్యే పని కాదు. రివిట్ లైనర్ పెరట్లో కూర్చుని మార్చుకోగలిగింది, అదే దాని గొప్ప.

షూ తుప్పును తీగ బ్రష్‌తో గీకి, వంకర ఉందేమో స్కేలు ఆనించి చూసి, కొత్త లైనర్‌ను క్లాంపుతో బిగించాలి. రివిట్లు నడిమి నుంచి మొదలుపెట్టి రెండు కొసల వైపుకు కొట్టుకుపోవాలి. కొసల నుంచి మొదలెడితే మధ్యలో ఉబ్బు మిగులుతుంది. పని అయ్యాక షూకీ లైనర్‌కీ నడుమ పల్చటి ఫీలర్ గేజ్ దూరకూడదు. దూరితే ఆ రివిట్లు తీసి మళ్లీ కొట్టాలి. షూలు బిగించి అడ్జస్టర్ సరిచేశాక, ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడుపుతూ, లైనర్ డ్రమ్ముకు కుదురుకునేదాకా తేలికగా బ్రేకు వేస్తూ పోవాలి.