వ్రాతకూలి

పాలుపోయు నామెకు నెల నిండగానే లెక్కగట్టి సొమ్మిత్తుము. చాకలికి బాకీ పెట్టుట పరువుతక్కువగా నెంచుదుము. రాత్రింబవళ్ళు కూర్చుండి సినిమాకు మాటలు కూర్చినవానికి మాత్రము "చిత్రము విడుదల కానిండు, చూతము" అన్నచో అది యెవరికిని తప్పుగా తోచదు. మా పుట్టింటి గడప తొక్కువరకు నాకును తోచలేదు.

మావారు బాపట్లలో ఉపాధ్యాయులు. నా పుట్టినిల్లు రేపల్లె. గడచిన సంక్రాంతికి పిల్లలతో రైలెక్కితిమి. అప్పికట్ల రాగానే, కొసరాజు రాఘవయ్య చౌదరిగారు 1905లో జన్మించిన యూరిదియే యని పిల్లలకు చూపితిని. తెనాలిలో బండి మారితిమి. 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955) చిత్రములను తీసిన విజయా సంస్థలో భాగస్వామియు, రచయితయు నగు చక్రపాణిగారి దా యూరు. భట్టిప్రోలు వచ్చినప్పుడు, ఆ చేరువనున్న పెదపులివర్రు 'దేవదాసు' (1953) రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారి గ్రామమని చెప్పితిని. మా తమ్ముడును వారి త్రోవనే నడచుచున్నాడని లోలోన గర్వపడితిని.

ఇంట నడుగిడగానే మరదలు కాళ్ళకు నీళ్ళందిచ్చెను. వంగినప్పుడు చూతును గదా, మెడలో వట్టి పసుపుత్రాడు! చేతుల బంగారు గాజులు లేవు. "మెరుగునకిచ్చితిని వదినా" అనెను. రాత్రి వంటయింట మరల నడుగగా కంట నీరు పెట్టుకొనెను. నగలన్నియు బ్యాంకులో తాకట్టున నున్నవి.

తమ్ముడు ఒక చిత్రమునకు పదునొకండు నెలలు పనిచేసెను. మొదట కొంత బయానా చేతబెట్టిరి. తక్కినది షూటింగు ముగిసిన పిమ్మట నిత్తుమనిరి. అదియు ముగిసెను. విడుదల కానిమ్మనిరి. ఆ చిత్రము విడుదలయే కాలేదు. వ్రాతపూర్వకమైన యొప్పంద మేదియు లేదు.

"గట్టిగా నడుగలేదా?" యంటిని.

"అడిగినచో మరియొకరు పిలువరక్కా. అదియు గాక, వ్రాతకు వెల కట్టరాదని చిన్ననాడు నీవే గదా చెప్పితివి!" అనెను.

ఆ మాట ములుకువలె నాటెను. నిజమే. మా నాయనగారియొద్ద భారత భాగవతములు చదువుకొన్నదానను. భాగవతమును రాజుల కీయనొల్లని పోతనగారి కథ వానికి ఉగ్గుపాలతో పోసితిని. పోతనగారు హలమును నమ్ముకొనిరని చెప్పుదురు. మా తమ్మునకు కలము తప్ప చేను లేదు. ఈ భేదమును నేనెన్నడును తలపనైతిని.

ఆ రాత్రి నిద్రపట్టక పడియుండగా భారతము సభాపర్వము స్ఫురించెను. నారదుడు ధర్మరాజు నడిగిన కుశలప్రశ్నలలో, కొలువువారికి జీతము వేళకు, జాగుసేయక యిచ్చుచున్నావా యనునది యొకటి. రామాయణమున తన్ను వెదకికొనుచు వచ్చిన భరతుని శ్రీరాముడును ఇదియే యడిగెను. జీతము జాగైనచో భృత్యులు ప్రభువుపై కినియుదురనియు, దానివలన గొప్ప యనర్థము కలుగుననియు కారణము చెప్పెను. దేవర్షి యడిగిన మాట, అవతారపురుషు డడిగిన మాట, మనమడిగిన నీచమగునా?

తిరుగుప్రయాణమున తమ్ముని వెంటబెట్టుకొని తెనాలిలో దిగి, వకీలైన మా బాబాయిగారిని చూచితిమి. రచయితకు రావలసిన సొమ్ము రెండు విధములని వారు చెప్పిరి. వ్రాతకూలి యొకటి, రాయల్టీ యొకటి. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగా, సంతకముతో జరుగవలెను. రాయల్టీయు, ఇతర ప్రతిఫలమును అందు చూపవలెను. గడువు వ్రాయనిచో అయిదేండ్లుగా నెంచబడును. 2012 సవరణ మరియొక మేలు చేసినది. సినిమాహాలులో చిత్రప్రదర్శన గాక, రచనను ఇతరరీతుల వినియోగించినందులకు వచ్చు రాయల్టీలో రచయితకు సమానభాగము కలదు. దానిని వారసులకో, కాపీరైటు సంఘమునకో తప్ప అన్యులకు వదలుకొనుటకు వీలులేదు. అయినను, కూలి ఫలానా తేదీకి ముట్టవలెనని యా చట్టము చెప్పదు. ఆ తేదీని మనమే వ్రాయించుకొనవలెను.

"వాయిదాలను నీ పనికి ముడివేయుము, వారి పనికి కాదు" అని బాబాయిగారు తమ్మునితో ననిరి. సంతకమునాడు కొంత, కథాసంగ్రహ మిచ్చిననాడు కొంత, చిత్రానువాదమునకు కొంత, సంభాషణలకు కొంత. షూటింగు, విడుదల రచయిత చేతిలోనివి కావు. ఒక వాయిదా ముట్టినగాని తరువాతి భాగము చేతికీయరాదు. ఇచ్చిన ప్రతి భాగమును మెయిలులో పంపినచో తేదీ నిలుచును. నోటిమాట యొప్పందమును చెల్లును గాని, రుజువు కష్టము. బాకీకి సాధారణముగా మూడేండ్లలోపల దావా వేయవలెను. ఆలోపల బాకీదారు ఋణమును వ్రాతలో నొప్పుకొని సంతకము చేసినచో ఆ గడువు మరల మొదలగును.

ఒంటరిగా నడుగుటకు జంకువారికి సంఘము కలదు. హైదరాబాదున తెలుగు సినీ రచయితల సంఘమున్నది. ముంబయి రచయితల సంఘమున ఇట్టి తగవులు తీర్చు సమితి యున్నది. అమెరికాలో చిత్రరచయితలు 2023లో 148 దినములు కలములు దించి సమ్మె చేసిరి. వారు భిక్ష మడిగిరని యెవ్వరు ననలేదు.

బాపట్ల చేరినపిదప నేను పలుకగా తమ్ముడు ఉత్తరము వ్రాసెను. నిందయు, బతిమాలుటయు లేక పని, తేదీ, రావలసిన మొత్తము మాత్రమే అందుండెను. నిర్మాత ఋణము నొప్పుకొని, సంతకముతో జవాబిచ్చి, మూడవవంతు పంపెను. మరదలి గొలుసు విడిపింపబడెను. గాజులింకను బ్యాంకులోనే యున్నవి. పిమ్మట వచ్చిన నిర్మాతలలో ఒకరు ఒప్పందపత్రము మాట వినగానే మరల రాలేదు. ఆనాడు మరదలు నాకు ఫోను చేసి, "మంచిపని చేసితిమా వదినా?" అని భయపడెను. నాకును భయమే వేసెను. నెల తిరుగకముందే మరియొకరు వచ్చి సంతకము చేసిరి.

ఇప్పుడు మరదలు పాలలెక్క పుస్తకము ప్రక్కనే మరియొక పుస్తక ముంచుకొన్నది. ఏ భాగ మేనా డిచ్చినది, ఏ సొమ్ము ఏనాడు రావలసినది, అందు వ్రాయుచున్నది. తేదీ దాటినచో భర్తకు గుర్తుచేయుచున్నది.

సోదరీ! నీ యింట కలముపట్టి బ్రదుకువాడున్నచో నీవును అట్టి పుస్తకమొకటి తెరువుము. నీ యింటివారే ఒకరిచేత వ్రాయించుకొనువారైనచో, భోజనమువేళ నారదుని ప్రశ్న నొకమారు వారిని మెల్లగా నడుగుము.